చిన్న ఊరి వకీలు: పునాదులు



వకీళ్ల కుటుంబంలో పుట్టనివాడు చిన్న ఊరిలో ప్రాక్టీసు పెట్టి నిలబడలేడన్న భయం పాతదే గాని, తెలుగునాట న్యాయవాదుల చరిత్ర దానిని బలపరచదు. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యంలోనే తండ్రిని కోల్పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి, అంటే డబ్బు తీసుకొని భోజనం పెట్టి, ఆయనను పెంచింది; ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమహేంద్రవరంలో పేరు తెచ్చుకున్నాడు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు అనగా పరీక్ష ద్వారా అర్హత పొందినా పై కోర్టులలో వాదించే హక్కు లేని వకీలు. ఆ హద్దు దాటడానికి ఆయన 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై తిరిగి రావలసి వచ్చింది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం అటువంటి అంతరాలను తొలగించి అందరినీ అడ్వొకేట్లుగా ఒకే పట్టికలోకి తెచ్చినందున, నేటి తాలూకా కోర్టు యువకుడికి ఆ ప్రయాణం అవసరం లేదు. ఇది ఎంత గొప్ప వరమో కొత్తతరం గుర్తించవలసి ఉన్నది.

న్యాయశాస్త్ర పట్టా, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు, అఖిల భారత బార్ పరీక్ష అనే మెట్లు అందరికీ తెలిసినవే. అసలు చదువు ఆ తరువాత సీనియరు ఆఫీసులో, పాత కట్టల మధ్య మొదలవుతుంది.

చిన్న ఊరి సివిలు వ్యాజ్యాలలో ప్రోనోటు దావాలది పెద్ద చోటు. కోరినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రోనోటుపై, దాని తేదీ నుంచి 3 సంవత్సరాలలోగా దావా వేయాలి. దీనినే కాలపరిమితి అంటారు. ఆ గడువులోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తన చేతితో రాసి గాని సంతకం చేసి గాని చెల్లు వేస్తే, అనగా ఆ చెల్లింపును నమోదు చేస్తే, గడువు ఆ చెల్లింపు తేదీ నుంచి తిరిగి మొదలవుతుంది. గడువు మీరిన దావాను ప్రతివాది ఆక్షేపించకపోయినా కోర్టు కొట్టివేయవలసిందే కనుక, కక్షిదారు కథ సాంతం వినకముందే నోటు తీసుకొని ముందువైపు తేదీని, వెనుకవైపు చెల్లును చూసే అలవాటు లేని వకీలు ఒక రైతు ఏళ్ల కష్టార్జితాన్ని పోగొట్టగలడు. ఈ ఒక్క అలవాటు పట్టుబడేదాకా సీనియరును విడిచి సొంత బోర్డు కట్టకపోవడమే మేలు.

వృత్తి నియమాలు ప్రకటనలను నిషేధించాయి గనుక కక్షిదారులు విని, చూసి రావలసినవారే. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం కూడా నిషిద్ధమే. కోర్టు ఫీజుకని వారిచ్చిన సొమ్మును తన ఫీజుతో కలపకుండా విడిగా లెక్క రాసి, రసీదు ఇచ్చి, ప్రతి వాయిదా తేదీని ఆ సాయంత్రమే వారికి తెలియజేసే ఏర్పాటును గుమస్తాను పెట్టుకొనే స్తోమత రాకముందే, మొదటి వకాల్తా నుంచే చేసుకోవాలి.