వాటర్‌జెట్ పడవను ఉన్నచోటే నిలబెట్టడం ఎలా?

జెట్ పడవను స్పీడుగా తోలడం గంటలో వచ్చేస్తుంది. జెట్టీ పక్కన కదలకుండా నిలబెట్టడమే అసలు విద్య. ముందు అదే నేర్చుకోండి.

ఈ పడవకు బయట ప్రొపెల్లరూ లేదు, చుక్కానీ లేదు. అడుగున ఉన్న జల్లెడ గుండా లోపలికొచ్చిన నీళ్లను ఇంపెల్లర్ వెనకనున్న నాజిల్‌లోంచి బలంగా చిమ్ముతుంది. స్టీరింగ్ తిప్పితే ఆ ధార పక్కకు తిరుగుతుంది. 1950లలో న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ దీన్ని పట్టుదలగా సాధించింది, లోతులేని ఏళ్లలో రాళ్లకు తగలకుండా ఎదురెక్కడానికే. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో తయారై 2012లో కోస్ట్‌గార్డ్‌లో చేరిన ‘రాణి అబ్బక్క’కూ వాటర్‌జెట్లే.

బయల్దేరే ముందు జల్లెడ చూడండి. పాలిథిన్ కవరొక్కటి అడ్డుపడినా తోపు సగం పోతుంది. ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టాలి.

ఇక ఖాళీ నీళ్లలోకి పోండి. నాజిల్ వెనక ఒక లోహపు డిప్ప ఉంటుంది, దాన్నే బకెట్ అంటారు. పైకెత్తితే పడవ ముందుకు పోతుంది. పూర్తిగా దించితే ధార అడుగు నుంచి ముందుకు మళ్లి, పడవ వెనక్కి వస్తుంది. మధ్యలో ఒకచోట రెండు తోపులూ సరిసమానం. ఆ చోటు చేతికి తెలియాలి. ఇంజన్ ఐడిల్‌కు కాస్త పైన ఉంచండి. సరిగ్గా పక్కనున్న ఒడ్డు మీద ఒక చెట్టునూ, దాని వెనక దూరంగా ఉన్న స్తంభాన్నీ ఒకే వరసలో చూసుకోండి. స్తంభం చెట్టును దాటి పడవ ముందు వైపుకి జరిగిందంటే మీరు ముందుకు పోతున్నట్టే. బకెట్ వెంట్రుకవాసి దించండి. రెండూ వరసలో నిలిచాక స్టీరింగ్ తిప్పి చూడండి, పడవ దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది! మొదటిసారి చూసినవాళ్ల ముఖం వెలిగిపోతుంది.

గాభరా పడ్డప్పుడు చెయ్యి త్రాటిల్ తగ్గించబోతుంది. అక్కడే ప్రమాదం. ధార తగ్గితే స్టీరింగూ చచ్చుబడుతుంది. ఆపాలంటే బకెట్ దించాలి.

రివర్స్‌లో కారు అలవాటు పనికిరాదు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే అణియం, అంటే ముందు కొస, ఎడమకే పోతుంది. వెనక కొస అమరం కుడికి జరుగుతుంది. అందుకే అణియాన్నే తలుచుకుంటూ తిప్పండి. త్రాటిల్ మరీ పెంచితే పడవ తన నురగను తానే పీల్చుకుని పట్టు తప్పుతుంది.

తాడు కట్టేదాకా ఇంజన్ ఆపకండి.