పౌడర్ కోటింగ్: రేణువు సైజే కీలకం

అల్యూమినియం కిటికీ ఫ్రేములు, వాషింగ్ మెషీన్ల మీద కనిపించే రంగు చాలాసార్లు తడి పెయింట్ కాదు, పౌడర్ కోటింగ్. పొడిని చిమ్మే కరోనా గన్ కొన దగ్గర సుమారు 60–100 కిలోవోల్టుల వోల్టేజీ గాలిని అయనీకరిస్తుంది. ఆ అయాన్ల నుంచి సాధారణంగా రుణావేశం పొందిన పొడి, ఎర్త్ చేసిన లోహానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో, ఎక్కువగా 180–200 డిగ్రీల సెల్సియస్ వద్ద, కరిగి గట్టిపడుతుంది. ఇందులో ద్రావణి ఉండదు.

అసలు భౌతికశాస్త్రం రేణువు సైజులో ఉంది. పొడిలో అధిక భాగం 10–100 మైక్రాన్ల మధ్య ఉంటుంది. రేణువు మోయగల గరిష్ఠ ఆవేశం వ్యాసార్థపు వర్గానికి, ద్రవ్యరాశి వ్యాసార్థపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటాయి. వ్యాసార్థం రెట్టింపైతే ఆవేశం 4 రెట్లు, ద్రవ్యరాశి 8 రెట్లు అవుతాయి. అంటే ఆవేశ–ద్రవ్యరాశి నిష్పత్తి సగానికి పడిపోతుంది. అందుకే మరీ పెద్ద రేణువులు గురుత్వానికి లొంగి రాలిపోతాయి. వాటితో పలుచని, నున్నని పూత రావడమూ కష్టమే.

అలాగని మెత్తగా నూరితే చాలదు. 10 మైక్రాన్లకు లోపు రేణువులు ఉండకట్టి గొట్టాలకు అడ్డుపడతాయి, గాలి ప్రవాహానికి కొట్టుకుపోతాయి. లోతైన మూలల్లోకి విద్యుత్ క్షేత్రరేఖలు సరిగా చొరవు. ఇదే ఫారడే కేజ్ ప్రభావం. అక్కడికి చేరడంలో జడత్వం ఎక్కువున్న పెద్ద రేణువులదే పైచేయి. అంటుకోక మిగిలిన పొడిలో సన్న రేణువుల వాటా పెరుగుతుంది కనుక, దాన్ని కొత్త పొడితో కలిపి వాడతారు.