ఆడుకుక్కలలో గర్భకోశ వ్యాధి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గ్రామములలో ఇండ్లకును గొఱ్ఱెల మందలకును కుక్క నమ్మకమైన కావలి. ఎద ముగిసిన కొన్ని వారములకు, ముఖ్యముగా వయస్సు మీరిన ఆడుకుక్కలకు, గర్భకోశమున చీము పట్టవచ్చును.

తిండి మానుట, పదేపదే నీరు త్రాగుట, అధికముగా మూత్రము విడుచుట, వాంతులు, జననాంగమునుండి దుర్గంధపు స్రావము దీని లక్షణములు. జబ్బుపడిన కుక్కకు స్రావము లేక పొట్ట ఉబ్బినచో అపాయము మరింత అధికము. చీము వెలికి పోవు దారి మూసికొని యుండవచ్చును.

నాటుమందులతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యశాలకు తరలింపవలెను. సెలైను, సూక్ష్మజీవులను నశింపజేయు మందులు ఇచ్చి, శస్త్రచికిత్సచే గర్భకోశమును, అండాశయములను తొలగించుటయే నమ్మదగిన చికిత్స. ఆరోగ్యముగా నున్నపుడే ఈ శస్త్రచికిత్స చేయించిన వ్యాధి భయము తొలగును, సంతతియు పెరుగదు. ఎద నాపుటకు వేయించు హార్మోను సూదులు ఈ వ్యాధికి దారితీయవచ్చును.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కల విషయమున ఈ బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినవి. కావున పంచాయతీ సభ్యులు పశువైద్యాధికారిని సంప్రదించి, గ్రామసభలో చర్చించి, తగిన ఏర్పాట్లు చేయవలెను.