ఇంట్లో ఒక నమాజు మూల

నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ మన ఇళ్ళను మనకు ‘సకన్’గా చేసిన అనుగ్రహాన్ని గుర్తుచేశాడు. సకన్ అంటే మనసు కుదుటపడే చోటు. మరి మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? గోడ మీద ఆయతుల్ కుర్సీ ఫ్రేము ఉంటుంది. ఇంటాయన మాత్రం సలాం చెప్పకుండానే లోపలికి వస్తాడు. ఆయన్ను చూడగానే పిల్లలు పక్క గదిలోకి జారుకుంటారు.

మదీనాలో హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) గారికి చూపు మందగించింది. వర్షాలకు వాగు పొంగితే మస్జిదుకు వెళ్ళలేకపోయేవారు. తమ ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేయమనీ, దాన్నే తన నమాజు స్థలంగా చేసుకుంటాననీ దైవప్రవక్త (స)ను వేడుకున్నారు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి వచ్చారు. కూర్చోకముందే, నమాజు ఎక్కడ చేయాలని అడిగారు. ఇత్బాన్ (రజి) ఒక మూల చూపించారు. అక్కడే రెండు రకాతులు చేశారు. తర్వాత మాంసం, పిండి కలిపి వండిన వంటకం తినిపోవాలని ఇంటివారు ఆయన్ను ఆపుకున్నారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. చోటు ఎంచుకోవడం ఇంటివారికే వదిలేశారు, గమనించండి!

అద్దె గది అయినా సరే, జానమాజు పరిచేంత జాగా చాలు. పురుషులు ఫర్జ్ నమాజు మస్జిదులోనే చేయాలి. సున్నత్, నఫిల్ నమాజులకు ఇల్లే మేలు. పిల్లలు చూస్తారు, పక్కన నిలబడతారు. ఈరోజే మగ్రిబ్ ఫర్జ్ కాగానే ఇంటికి రండి. గడపలోనే సలాం చెప్పి, సున్నతులు ఆ మూలలో చేయండి.