మబ్బు పట్టిన మర్నాడు

ప్రశ్న: వనామీ వేశాను. మధ్యాహ్నం డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూస్తే 6, 7 ఉంటోంది. మబ్బు పట్టిన మర్నాడు మాత్రం తెల్లారేసరికి రొయ్యలు గట్టువారకొచ్చి తేలుతున్నాయి. ఏరియేటర్లు వేస్తే సర్దుకుంటున్నాయి, చావడం లేదు. కానీ మేత సరిగా తినడం లేదు, సైజూ రావడం లేదు. ఆక్సిజన్ మాత్రలు చల్లితే చాలా అండీ?
- ఒక రైతు, భీమవరం

జవాబు: మధ్యాహ్నం లెక్క చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ తయారుచేసే ప్లాంక్టనే, పొద్దు గూకాక రొయ్యలతో పోటీపడి దాన్ని వాడేస్తుంది. మబ్బు రోజున తయారీ తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. డీఓ చూడాల్సింది తెల్లవారుజామున, అదీ చెరువు అడుగున. రొయ్య ఉండేది అక్కడే కదా.

డీఓ లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోతే రొయ్యకు ఇబ్బందే. ఆక్సిజన్ అందినప్పుడు కణం ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు తీస్తుంది. కణం ఖర్చుపెట్టుకునే శక్తి ఈ ఏటీపీలే. ఆక్సిజన్ లేకపోతే 2తో సరిపెట్టుకోవాలి. పైగా ఒంట్లో లాక్టేట్ పేరుకుంటుంది. మీరు ఏరియేటర్ వేశాక రొయ్య చేసే మొదటి పని ఆ బాకీ తీర్చుకోవడం. ఒంటికి పట్టాల్సిన మేత అలా ఖర్చయిపోతుంది. చావలేదు కదా అని ఊరుకుంటే ఆ నష్టం పట్టుబడి రోజున కాటా మీద కనబడుతుంది.

ఇంకో పని చేయండి. చెత్త పేరుకునే చోట అడుగు మట్టి గుప్పెడు తీసి వాసన చూడండి. నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే, గాలి లేని ఆ మట్టిలో బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తోందన్నమాట. ఇది మరీ పాడు వాయువు. నీటిలో ఆక్సిజన్ ఉన్నా, కణంలో దాన్ని వాడుకునే ఎంజైమునే కట్టిపడేస్తుంది. ఆ మట్టి ఉన్నంతకాలం డీఓ మీటరు ఎంత చూపించినా రొయ్య కోలుకోదు.

మాత్రలు ఆ పూటకి గట్టెక్కిస్తాయి, అంతే. మబ్బు పడితే మేత తగ్గించండి. అరుగుదలకూ ఆక్సిజన్ కావాలి, మిగిలిన మేత కుళ్లడానికీ కావాలి. చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట ఆపేయండి. కరెంటు బిల్లుకు జడిసి రాత్రి ఏరియేటర్లు ఆపి, రొయ్యలు తేలాక వేయడం నా దృష్టిలో పొదుపు కాదు.

ప్రశ్న: మా చెరువులో బొచ్చె, శీలావతి తెల్లారేసరికి చచ్చి తేలాయి. కొరమీను ఒక్కటీ చావలేదేం?
- ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: కొరమీనుకు తలలో గాలి గది ఉంటుంది. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. బొచ్చె, శీలావతికి మొప్పలే దిక్కు. గోల్డ్‌ఫిష్‌ది ఇంకో చిత్రం: ఆక్సిజన్ అందనప్పుడు లాక్టేట్‌ను ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా వదిలేస్తుంది. మన బొచ్చెకు ఆ విద్య రాదు. కాబట్టి కొరమీను హుషారుగా తిరుగుతోందని నీరు బాగున్నట్టు కాదు. తెల్లవారుజామున బొచ్చెలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసుకోండి.