మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఓడే సుఖం

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే నా ఈడువాళ్ళకు ఈ మాటలు. నయాగరా, వాషింగ్టన్ అయ్యాక ఇంకెక్కడికని పిల్లలు అడిగితే, సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే క్రూయిజ్ ఎక్కించమనండి.

1. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. బస్సు టూరులో రోజూ చీకటితో లేచి సర్దుకోవాలి, అందరూ దిగేదాకా లాబీలో కూర్చోవాలి. ఓడలో చీరలు అల్మారాలో తగిలించి, బీపీ మాత్రలు మంచం పక్కన పెట్టుకున్నామంటే వారం దాకా కదిలించే పని లేదు. మనం నిద్రలో ఉండగానే ఊరు మారిపోతుంది.

2. ఓడ మీద వెళ్ళి చూడాల్సిన చోట్లున్నాయి. జునో అలాస్కాకు రాజధాని, అయినా బయటి నుంచి దానికి రోడ్డు లేదు. ఓడైనా ఎక్కాలి, విమానమైనా ఎక్కాలి. హిమానీనదాలున్న గ్లేసియర్ బే పార్కుకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. అన్నీ అటు వెళ్ళవు, బుక్ చేసేముందు అడగండి. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో వివరిస్తుంటే, శాలువా కప్పుకుని రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. హిమానీనదం అంచు నుంచి ఓ ముక్క విరిగి నీళ్ళలో పడింది. పడటం ముందు కనబడింది, చప్పుడు తరవాత వచ్చింది. ఆ మంచు తెలుపు కాదు, నీలం. ఏళ్ళ తరబడి బరువుకి అణిగి గట్టిపడ్డ మంచు ఎరుపు కాంతిని పీల్చేసుకుంటుంది మరి. ఒక్క మెట్టు ఎక్కించకుండా ఇంత చూపించే యాత్ర నాకు మరోటి తెలియదు.

3. కలిసే ఉంటాం, ఒకరికొకరం అడ్డం రాం. మనవలు ఈతకొలనులో, కొడుకూ కోడలూ షోలో, మా ఆయన డెక్ మీద కునుకులో. రాత్రి భోజనానికి అందరం ఒకే బల్ల దగ్గర. కోడలికి వారంపాటు వంటింటి నుంచి సెలవు. (ఈ లాభం ఏ బ్రోచర్లోనూ వేయరు.)

4. ఓడ ఊగుతుందని జంకకండి. దారి కొంతవరకు దీవుల చాటునే. బయటి సముద్రంలో మాత్రం ఊపు తెలుస్తుంది కాబట్టి గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి.

5. శాకాహారులు ఆ సంగతి బుకింగ్ నాడే చెప్పాలి.

6. టికెట్టులో గది, తిండి, షోలు కలిసే ఉంటాయి. టిప్పులు, ఇంటర్నెట్, రేవుల్లో దిగి తిరిగే టూర్లు, ఓడ డాక్టరు ఫీజు వేరే. ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కవద్దు.

7. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులే తిరిగి వెనక్కి రాకూడదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే ఈ క్రూయిజ్ ఓడ కెనడాలోని విక్టోరియాలోనో మరో కెనడా రేవులోనో ఆగుతుంది. మనది భారత పాస్‌పోర్టు కదా, అమెరికా వీసా ఒక్కటే సరిపోదు. కెనడా వీసా చేతికొచ్చాకే టికెట్టు కొనమని పిల్లలకు చెప్పండి.