బిడ్డ మేధోవైకల్యమునకు తల్లి దోషి కాదు

బిడ్డకు రెండేండ్లు నిండినను మాటలు రాకున్నచో, మగపిల్లలకు మాట ఆలస్యమని పెద్దలు సరిపెట్టుకొందురు. మరి రెండేండ్లు గడచిన పిమ్మట ఆ యోర్పు నిందగా మారును. గ్రహణమునాడు కదలినదనియు, పథ్యము తప్పినదనియు తల్లిని దూషింతురు. ఈ నిందకు ఆధారము లేదు. వంశానుగతముగ వచ్చు మేధోవైకల్యమునకు ముఖ్యకారణములలో ఫ్రాజైల్ ఎక్స్ అనునది యొకటి.

ఇది ఎట్లు కలుగును?

ఎక్స్ అను క్రోమోజోము స్త్రీలకు రెండు, పురుషులకు ఒకటి యుండును. దానియందలి యొక జన్యువులో మూడక్షరముల వరుస యొకటి మరల మరల వచ్చును. సామాన్యులలో ఇది 45 మారులకు లోపుగనే యుండును. 55 నుండి 200 వరకు ఉన్నవారు వాహకులు. 200 దాటినచో జన్యువు పనిచేయుట మాని, మెదడునకు వలసిన యొక మాంసకృత్తు తయారు కాదు. బాలికలకు రెండవ ఎక్స్ కొంత ఆసరా యగుటచే, బాలురలోనే వైకల్యము హెచ్చుగ కనబడును. ఈ జన్యువును శాస్త్రజ్ఞులు 1991లో గుర్తించిరి.

వాహకుడైన మాతామహుడు, తనకు మేధోవైకల్యము లేకయే, ఈ మార్పును తన కుమార్తెలందరికిని ఇచ్చును, కుమారులకు ఇయ్యడు. కుమార్తె నుండి ఆమె బిడ్డకు చేరునపుడు వరుస మరింత పెరుగవచ్చును. ప్రతి కాన్పునందును మారిన ఎక్స్ సంక్రమించు అవకాశము సగము. ఇందు ఎవరి నడవడియు కారణము కాదు.

గుర్తింపవలసిన లక్షణములు

మాట ఆలస్యము, చూపు కలుపకుండుట, చేతులు ఆడించుట, నిలుకడలేమి, గట్టి శబ్దములకు బెదరుట సామాన్యము. పొడవైన ముఖము, పెద్ద చెవులు వయస్సుతో స్పష్టమగును. రూపమును బట్టి మాత్రమే నిర్ణయింపరాదు. రక్తమునందలి జన్యుపరీక్షయే నిశ్చయము.

చేయవలసినది

వ్యాధి నిర్ధారణయైన వెంటనే తల్లికిని, ఆమె తోబుట్టువులకును సంగతి తెలుపవలెను. మరల గర్భము ధరించుటకు ముందే జన్యువైద్యుని సలహా పొందుట మేలు. కోల్‌కతాలోని సేఠ్ సుఖ్‌లాల్ కర్నానీ స్మారక వైద్యశాల, 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద గుర్తింపబడిన కేంద్రములలో నొకటి.

మూలమును తొలగించు మందు లేదు. అయినను మాట శిక్షణ, స్వయముగ తినుట, కట్టుకొనుట వంటి పనుల అభ్యాసము చిన్ననాటనే మొదలిడిన బిడ్డ నేర్చుకొనును. సికిందరాబాదునందు 1984లో నెలకొనిన జాతీయ మేధోవైకల్య సంస్థకు కోల్‌కతాలో ప్రాంతీయ కేంద్రము కలదు. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల 6 నుండి 18 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్య 2016 నాటి చట్టము ఇచ్చిన హక్కు.

నిందలో గడచు ప్రతి సంవత్సరమును బిడ్డ శిక్షణ నుండి తరిగిపోవు సంవత్సరమే. తల్లికి నిందకు మారుగ తోడ్పాటు నిండు.